సున్నా కాదు, రెండు చుక్కలు

ఏ దేశం ఏ దేశానికి ఏ సరుకు ఎన్ని టన్నులు పంపిందో పట్టిక వేయడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే కిటికీ. కిటికీ అవతల ఓ గోడ. మధ్యాహ్నం కాసేపు ఎండ వచ్చి ఆ గోడమీద వాలి, చెప్పకుండా వెళ్లిపోయేది. వర్తకం లేని దేశాల వరుసలన్నీ ఆమె వంతుకే వచ్చేవి. అందుకని ఆఫీసులో చిన్నవాళ్లు ఆమెను సున్నాలక్క అనేవారు. సున్నాలు వేస్తున్నారా, సున్నం వేస్తున్నారా అని వేళాకోళం చేసేవారు. ఆమె కూడా నవ్వేది.

ఆ పనికి ఒక సూత్రం ఉంది. రెండు దేశాలు ఎంత పెద్దవైతే, ఎంత దగ్గరగా ఉంటే, వాటి మధ్య సరుకు అంతగా నడుస్తుంది. దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. ఆమె దాన్ని నమ్మింది, ఒక్క చోట తప్ప. సొంత అక్క నాలుగు వీధుల అవతలే ఉంటుంది. ఆరేళ్లుగా మాటల్లేవు.

అమ్మ మంచాన పడ్డప్పుడు వచ్చిన తగవు అది. ఎవరు చూసుకోవాలన్న మాట రాగానే అక్క అంది: "నీకేమే, ఒంటికాయ శొంఠికొమ్మువి."

అమ్మను ఆమే చూసుకుంది. అమ్మ పోయిననాడు అక్క వచ్చింది, ఓ మూల కూర్చుంది, వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఆ మాట మిగిలాయి. అక్కకు తన అక్కర లేదని ఆమె తేల్చేసుకుంది.

ఈ ఏడాది పట్టికలో ఒక వరుస దగ్గర చెయ్యి ఆగింది. రెండు పొరుగు దేశాలు, మధ్యలో ఒక్క వంతెన. సూత్రం ప్రకారం లారీలు బారులు తీరాలి. గడిలో మాత్రం నాలుగేళ్లుగా సున్నా. సున్నాతో లెక్క నడవదమ్మా, ఆ వరుస తీసేయండి అన్నాడు పై అధికారి. ఆమెకు మనసొప్పలేదు. వంతెన దగ్గరి సుంకాల ఆఫీసుకు ఉత్తరం రాసింది.

పదకొండు రోజులకు జవాబొచ్చింది. కలప, సబ్బులు, కుర్చీలు రోజూ దాటుతూనే ఉన్నాయట. నివేదిక ఫారం మారాక కొత్తది తమకు ఎవరూ పంపలేదట. ఎవరూ అడగలేదు, తామూ చెప్పలేదట.

నివేదిక వచ్చి, అందులో సరుకేమీ లేదని ఉంటేనే సున్నా వేయాలి. నివేదికే రాకపోతే రెండు చుక్కలు పెట్టాలి. తెలియదు అని వాటి అర్థం. కొత్తగా చేరినవాళ్లకు ఆ తేడా నేర్పేది ఆమే. ఆ నాలుగేళ్ల ఖాళీ గడుల్లో సున్నాలు వేసిందీ ఆమే.

ఆ నాలుగూ చెరిపి రెండేసి చుక్కలు పెట్టింది. గోడమీద ఎండ ఎప్పుడు వెళ్లిందో చూడలేదు. తన అక్కర ఉందో లేదో అక్కను తనూ ఏనాడూ అడగలేదు.

సాయంత్రం తన ఇంటి మలుపు దగ్గర ఆగకుండా నడిచింది. మూడో వీధిలో కాళ్లు వెనక్కి లాగాయి. అక్కడే కాసేపు నిలబడి, మళ్లీ నడిచింది. తలుపు తట్టింది.

అక్క జుట్టు తెల్లబడింది. చెల్లెలి మొహంలోకి చూసింది, తర్వాత ఆకాశంలోకి చూసింది.

"రావే, శొంఠికొమ్మూ. చెప్పులు లోపల పెట్టుకో, వానొచ్చేలా ఉంది."

అందులో ఎత్తిపొడుపెంతో, ముద్దెంతో ఆమెకు అంతుపట్టలేదు. చెప్పులు విడిచి లోపల, అక్క చెప్పుల పక్కన, కాస్త ఎడంగా పెట్టింది.