యూనివర్సిటీకి పెట్టిన దరఖాస్తు

నేను యూనివర్సిటీని మొదట చూసింది పేపర్లో. చూడటమంటే అరచేతి వెడల్పు ఫొటో, అదీ సిరా అలుక్కుపోయి సగం నలుపు. పొడుగాటి వరండాలు, వరసగా స్తంభాలు, ముందు నల్ల గౌన్లు వేసుకుని నిలబడ్డ మనుషులు. జంషెడ్‌పూర్ అగ్రికో కాలనీలో మా క్వార్టర్‌కి ఉన్నవి రెండు గదులు, ఒక వరండా, పెరడు. అన్ని స్తంభాలున్న చోట ఎవరుంటారో, ఏం మాట్లాడుకుంటారో, అన్ని పుస్తకాలు ఎలా గుర్తుపెట్టుకుంటారో అని ఆ ఫొటో వంక నోరు తెరుచుకుని చూసేదాన్ని. కత్తిరించి లెక్కల నోటుబుక్కులో దాచుకున్నాను కూడా.

డెబ్బైల చివరి మాట ఇది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. మా వాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఉక్కు కంపెనీలో చేరినవాళ్ళు. నాన్నది బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పని. సంతకం వచ్చు, చదువు రాదు. సీతారాండేరా బజార్లో ఒక కొట్టుకి తెలుగు పేపరు రైల్లో రెండు రోజులు ఆలస్యంగా వచ్చేది. ఆదివారం పొద్దున్నే నాన్న సైకిలు మీద వెళ్ళి వారం పేపర్లన్నీ ఒక్కసారే తెచ్చేవాడు. మా క్వార్టర్ల లైన్లోని మగవాళ్ళు అయిదారుగురు మా వరండాలో చేరేవారు. అమ్మ టీ పోసేది. చదివి వినిపించే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగానికి జీతం లేదు గానీ పొగరు మాత్రం బోలెడంత వచ్చింది నాకు.

పేపర్లో యూనివర్సిటీ లేని వారం లేదు. ఒక వారం పరీక్షలు వాయిదా. ఒక వారం విద్యార్థుల సమ్మె. ఒక వారం ఎవరికో గౌరవ డాక్టరేటు, మరుసటి వారం అది ఆయనకెందుకిచ్చారని తగువు. అక్కడ ఎవరు తుమ్మినా పేపర్లో పడేది. మా వరండాలో కూర్చున్నవాళ్ళు ఒక్కరూ ఆ గడప తొక్కినవాళ్ళు కాదు, అయినా సొంత అన్నదమ్ముల గొడవలా మాట్లాడుకునేవాళ్ళు. పక్క క్వార్టర్ మావయ్య కంపెనీలో లోకో ఇంజను నడిపేవాడు. ఉత్త పుల్లవిరుపు మనిషి. "అరే భాయ్, ఆళ్ళకి ఇంకేటి పని? సదువుకోడం, కొట్టుకోడం" అనేవాడు. అన్నవాడే మరుసటి ఆదివారం అందరికంటే ముందొచ్చి కూచుని, "యూనివర్సిటీ సంగతి ఏటయ్యిందే అమ్మీ?" అని అడిగేవాడు.

ఆ చలికాలం ఒక వార్త వచ్చింది. పొలం పనుల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలు సేకరించి యూనివర్సిటీలో పాఠంగా చెప్పాలని కొందరు ఆచార్యులు అన్నారట. ఇంక చూసుకోండి, ఉత్తరాలే ఉత్తరాలు. వారం వారం అరపేజీ అదే. రిటైరైన పెద్దమనిషి ఒకాయన, కావ్యాలు ఉండవలసిన చోట నాట్లు వేసేవాళ్ళ కూతలకి ఏం పని అని రాశాడు. ఆ ఉత్తరం నేను మంచి గొంతుతో, ఆగవలసిన చోట ఆగుతూ చదివాను. ఉన్న మాట చెప్పాలంటే నాకది నచ్చింది. ఆ ఏడే స్కూల్లో పద్యాల పోటీలో మొదటి బహుమతి నాది. నాట్ల పాటలంటే మాతోనే ఉండే మా నాయనమ్మ పాడేవి. వాటిని ఆ స్తంభాల మధ్య ఊహించుకుంటే నాకు సిగ్గేసింది.

చదవడం అయ్యాక నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"కూతలన్నాడా?" అని అడిగాడు.

"అన్నాడు."

"మా అమ్మ పాట ఇన్నాడేటి ఆడు?"

మావయ్య నవ్వాడు. "మీ యమ్మ పాట ఆడెక్కడింతాడు బావా? చోడ్ దో."

నాన్న వదల్లేదు. "కాయితం తే అమ్మా, రాద్దాం" అన్నాడు.

ఇలాంటివి పేపరుకి రాయాలి నాన్నా, వాళ్ళే వేస్తారు అన్నాను.

"నీలు రాపోతే కంపెనీకి రాత్తాం గానీ పేపరోడికి రాత్తామేటి? యూనివర్సిటీ పని యూనివర్సిటీయే సూడాల. అక్కడ పెద్దాయనకే రాయి."

ఈ పొరపాటు జంషెడ్‌పూర్ మనిషి తప్ప ఇంకొకడు చెయ్యడు. మాకు నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి, రోడ్డు, గాలికి విరిగిపడ్డ చెట్టుకొమ్మ కొట్టించడం, అన్నీ కంపెనీయే. ఏది చెడినా ఒక దరఖాస్తు రాస్తాం, కంపెనీ ఇచ్చిన పర్సనల్ నంబరు వేస్తాం, మనిషి వచ్చి బాగుచేసి పోతాడు. లోకమంతా ఇలాగే నడుస్తుందని నాన్న నమ్మకం. అందుకని యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ గారికి దరఖాస్తు తయారైంది. పైన నాన్న పర్సనల్ నంబరు, డిపార్ట్‌మెంటు, క్వార్టర్ నంబరు. విషయం: మా అమ్మ పాట గురించి. మా అమ్మ ఇరవై ఏళ్ళు మళ్ళల్లో పాడినది, అది కూత కాదు, పాట ఇందుతో జతపరచడమైనది, చదివి తగు చర్య తీసుకోవలెను.

పాట నాన్నే చెప్పాడు, కూనిరాగం తీస్తూ, తనకు గుర్తున్న నాలుగు చరణాలూ.

గట్టుమీద గొడుగోడా, నీ బొజ్జకెంత నీడ
నడుమిరిగే మా యమ్మకి నడినెత్తిన ఎండ

బొజ్జ దగ్గర నా కలం ఆగిపోయింది. అంత పెద్ద యూనివర్సిటీకి, నల్ల గౌన్లవాళ్ళకి, బొజ్జ అని రాయడమా? రాస్తున్నట్టు చెయ్యి ఆడించాను గానీ ఒక్క చరణమూ కాగితం మీద పెట్టలేదు. దానికి బదులు పోటీలో చెప్పిన పద్యంలోంచి నోరు తిరగని మాటలు రెండు ఏరి ఆఖర్న ఒక వాక్యం అతికించాను. చదివి వినిపించమన్నాడు నాన్న. దరఖాస్తు చదివాను. తరవాత కాగితం వంకే చూస్తూ, అందులో లేని పాటని గడగడా అప్పజెప్పేశాను.

నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. "బాగుంది. ఒక్క ముక్క పోనేదు" అని సంతకం పెట్టాడు.

జవాబు రాదనే నా ధైర్యం. నెలన్నరకి వచ్చింది. పొడుగు కవరు, మూలన యూనివర్సిటీ ముద్ర. వచ్చింది మంగళవారం. వరండా నిండితే తప్ప విప్పకూడదని నాన్న దాన్ని ఆదివారం దాకా దేవుడి పటాల దగ్గర పెట్టాడు. ఆ నాలుగు రోజులూ వచ్చేపోయేటప్పుడు ఆ కవరుని తాకి చూసేదాన్ని. పేపర్లో చూసే యూనివర్సిటీ మా ఇంట్లో ఉంది. ఆ స్తంభాల వెనక ఎవరో కూచుని మా క్వార్టర్ నంబరు రాశారు. భయంతో పాటు ఒళ్ళు గగుర్పొడిచేది.

ఆదివారం విప్పి చదివాను. రిఫరెన్సు అన్నచోట నాన్న పర్సనల్ నంబరు టైపు చేసి ఉంది.

"సూసినావా బావా, నంబరెక్కించినారు" అన్నాడు నాన్న. మావయ్య ఆ ఒక్కసారి వెటకారం చెయ్యలేదు.

దరఖాస్తు తెలుగు శాఖకి పంపడమైనది అని చదివాను. తరవాతి వాక్యం నోటికి రాకముందే కంట పడింది. పాట జతపరిచినట్లు వ్రాసినారు గాని జతలో పాట లేదు, దయచేసి పాట పూర్తిగా, పాడినవారి పేరుతో సహా పంపగలరు. దాటేస్తే ఎవరికీ తెలియదు. ఆ వరండాలో తెలుగు అక్షరం తెలిసింది నాకొక్కదానికే. ఒకసారి దాటేసినదాన్ని, రెండోసారి కష్టమేమీ కాదు. కానీ అటువైపు అంత దూరంలో ఎవరో ఆ కాగితం తిప్పి చూశారు, పాట కోసం వెతికారు. మా నాయనమ్మ పాట కోసం. ఉన్నది ఉన్నట్టు చదివాను.

అందరూ నాన్న వంక చూశారు. నాన్న నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

"పాట రాయనేదేటే?" అన్నాడు మావయ్య.

"పోస్టులో జారిపోయుంటాది" అన్నాడు నాన్న. "మల్లీ రాద్దాం. ఈపాలి మా అమ్మ కాడ కూకుని రాయమ్మా."

అంతే. ఆ రోజు గానీ తరవాత గానీ ఇంకో మాట అడగలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

నాయనమ్మ పెరట్లో గుల్లు చేస్తోంది. బొగ్గు పొడిలో మట్టి, గంజి కలిపి ఉండలు కట్టి ఎండబెట్టేవాళ్ళం, పొయ్యిలోకి. నోటుబుక్కు తీసుకెళ్ళి పాడమన్నాను.

"ఊరికే కూకుని పాడమంటే ఎలాగొత్తాదే గుంటా? సేతికి పనుండాల" అంది.

నేనూ బొగ్గులో చేతులు పెట్టాను. ఒక వరస ఉండలు కట్టేసరికి ఒక చరణం వచ్చేది. లేచి చేతులు కడుక్కుని రాసుకునేదాన్ని, మళ్ళీ కూచునేదాన్ని. మూడు సాయంత్రాలు ఇదే పని. నాన్నకి తెలిసినవి నాలుగు చరణాలు. ఆవిడ దగ్గర ఊరు ఊరంతా ఉంది. వాన రాని ఏడు, కొలతలో మోసం చేసిన ఆసామి, మళ్ళోనే నొప్పులొచ్చిన ఆడమనిషి. తడుముకోవడం లేదు, వెనక్కి వెళ్ళడం లేదు. నేను ఒక శతకం బట్టీ పట్టడానికి ఒక ఎండాకాలం పట్టింది, దానికే నన్ను పట్టుకోలేకపోయారు ఇంట్లో. ఈవిడ అక్షరం ముక్క రాకుండా ఇదంతా కడుపులో పెట్టుకుని మా పొయ్యికి ఉండలు చేస్తోంది. మూడో సాయంత్రం కొత్త చరణం ఒకటి వచ్చింది.

కొలిమిలో సూరీడు కూసున్నాడమ్మా
నా కొడుకొచ్చీదాకా కునుకు రానీడమ్మా

"ఇదీ మళ్ళల్లో పాటేనా?" అన్నాను.

"మల్లెక్కడున్నాయే ఇక్కడ? మీ నాన్న కొత్తగా డూటీకెల్లినప్పుడు కట్టుకున్నాను. ఆకాసం ఎర్రబడితే గుండెలు జారిపోయేవి నాకు. ఆడికి సెప్పకు."

కంపెనీలో ఇనుము తీయగా మిగిలిన కరిగిన చిట్టెం పారబోసినప్పుడల్లా మా ఊళ్ళో ఆకాశం ఎర్రబడుతుంది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, ఎప్పుడూ దాని గురించి ఒక్క మాట తట్టలేదు. నాయనమ్మ రెండు పాదాల్లో పెట్టేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చివర్లో పాడినవారి పేరు రాయాలి. అప్పుడు తెలిసింది, నాకు ఆవిడ పేరు తెలియదని. పుట్టి పద్నాలుగేళ్ళు, పడుకునేది ఆవిడ పక్కలోనే. అడిగాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"నా పేరుతో ఆళ్ళకేటి పని?" అని, ఎవరైనా విన్నారేమోనని గుమ్మం వైపు చూసి, మెల్లగా చెప్పింది.

రాశాను. బొజ్జతో సహా అన్నీ రాశాను. నాన్నకి చెప్పొద్దన్న చరణం దగ్గర కాస్త ఆలోచించాను. పాట పూర్తిగా పంపమన్నారు కదా, అదీ రాశాను. నాన్నకి చదివి వినిపించబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి సంతకం పెట్టేశాడు. అది నమ్మకమో, నా చదువు మీద విరక్తో నాకు తెలియలేదు. ఎండలు ముదిరేదాకా ఆ బెంగ నన్ను తింటూనే ఉంది. పేపర్లో ఆ ఉత్తరాల తగువు ఇంకా సాగుతోంది. నేను చదువుతున్నాను, వాళ్ళు వింటున్నారు, నాన్న మాత్రం నా వంక కాకుండా వీధి వంక చూసేవాడు.

బడి సెలవుల్లో ఒక పొద్దున్న పోస్ట్‌మాన్ మా లైన్లో నిలబడి ఎవరి పేరో పిలిచాడు. పలికినవాళ్ళు లేరు. మళ్ళీ పిలిచాడు. "ఇస్ నామ్ కా కోయీ నహీ హై?" అని అడిగితే మావయ్య వాళ్ళ ఇంట్లోంచి నహీ అని జవాబొచ్చింది. లోపల గిన్నెలు తోముతున్న నాకూ ఒక్క క్షణం తట్టలేదు. సైకిలు తిప్పుకుంటున్నాడు.

"నానే" అంది పెరట్లోంచి నాయనమ్మ. "నా పేరే అది."

బొగ్గు చేతులతో కవరు ముట్టుకోలేదు. మోచేతుల దాకా కడుక్కుని, కొంగుకి తుడుచుకుని అప్పుడు అందుకుంది. నాన్న మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళాలి, ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారం దాకా ఆగుదామా అన్నాను.

"ఉత్తరం నాది. ఇప్పుడే సదువు" అంది.

నాన్న వచ్చి నా పక్కన కూచున్నాడు. నేను కాగితం ఆయన వైపు వంచి, ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, ఆ వేలు చూస్తే ఏ మాటా జారిపోలేదని తెలిసేలా నెమ్మదిగా చదివాను. శ్రీమతి అని నాయనమ్మ పేరు, గారు అని చివర. పాట అందింది. శాఖలో అందరం కూర్చుని చదివాము. నాట్ల చరణాలు వంటివి కొన్ని మావద్ద కలవు, ఈ దిగువ చరణము మాత్రము మాకెవ్వరికీ తెలియదు, మీరు అనుమతించినచో విద్యార్థులకు పాఠముగా చెప్పగలము.

"నన్ను అడుగుతున్నారేటి?" అంది నాయనమ్మ. నమ్మకం కుదరక నా మొహంలోకి చూసింది.

కింద ఆ రెండు పాదాలూ ఉన్నాయి. కొలిమి, సూరీడు, కొడుకు, కునుకు, ఒక్కొక్కదాని కిందా వేలు పెట్టి చదివాను. నాయనమ్మ మొహం తిప్పేసుకుని, "సెప్పొద్దన్నాను గదే" అంది. నాన్న కదల్లేదు. ఆయన కళ్ళు నా వేలి మీద ఉన్నాయి.

నాన్న నా చెయ్యి పట్టుకుని కాగితం మీద నుంచి పక్కకి తీశాడు.

"ఏలెట్టక్కర్నేదమ్మా" అన్నాడు. "మల్లీ సదువు."