జట్టు ఉన్నన్నాళ్ళు

మేమున్న ఊళ్ళో ఒకప్పుడు ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు. నేను చెప్పిన కబుర్లు విని మా పెద్దమ్మాయి మొన్న స్కూల్లో ఆ మాట అంటే, అలాంటివి కాలేజీల్లోనే ఉంటాయని వాళ్ళ టీచరు సరిదిద్దిందట. నిజమే, ఆ జట్టు నిండా రెండు సీజన్లు కూడా బతకలేదు. ఎవరైనా దాని చరిత్ర రాస్తే ఒక పేజీలో అయిపోతుంది. ఆ పేజీలో మా ఇంటి సంగతి ఉండదు కాబట్టి, పిల్లలు పడుకున్నాక కూర్చుని నేనే రాస్తున్నాను.

డెబ్భైల చివరి మాట. అమెరికా మధ్యలో, మిడ్‌వెస్ట్‌లో ఒక మాదిరి ఊరు. మా ఆయన ట్రాక్టర్ల కంపెనీలో ఇంజనీరు. నేను గుంటూరులో కెమిస్ట్రీ చదివి వచ్చి, ఇక్కడి పరీక్ష పాసై, ఆసుపత్రి ల్యాబ్‌లో మధ్యాహ్నం షిఫ్టుకి కుదిరాను. ఆ పెద్దమ్మాయే అప్పటి మా పాప, అప్పుడప్పుడే నడక వస్తోంది. ఎప్పుడు చూసినా చెవిపోటు, జ్వరం. జ్వరముంటే డేకేర్‌లో రానివ్వరు, మధ్యలో వస్తే ల్యాబ్‌కి ఫోన్ చేసి తీసుకెళ్ళమంటారు. పాపని ఎవరు చూసుకుంటారన్నదే మా ఇద్దరి మధ్యా రోజూ నలిగే ప్రశ్న.

నెలకోసారి ఎవరో ఒకరింట్లో తెలుగు ప్రార్థన కూడిక జరిగేది. అక్కడ అందరికంటే ముందు అమెరికా వచ్చిన డాక్టరు గారి భార్యని మేమంతా అక్కా అనేవాళ్ళం. ప్రార్థన అయి, ప్లేట్లలో పులిహోర పెడుతూ ఆవిడే కదిపింది.

"మీ అమ్మ దగ్గరికి పంపెయ్యరాదటమ్మాయ్? నేను క్రిస్మస్‌కి ఇండియా వెళ్తున్నా. ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకుపోతా."

"ఇంత చిన్నపిల్లనా అక్కా?"

"మా వాణ్ణి పాలసీసాతో పంపించాం. ఇప్పుడు వాడికేం తక్కువైంది? నీ పిల్ల ఒక్కటే బంగారమా ఏంటి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అలా పంపడం అప్పట్లో మాలో వింత కాదు. ఉద్యోగాలు కుదురుకునేదాకా పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది, ఎవరో ఇండియా వెళ్తూ తీసుకెళ్తారు, ఎవరో వస్తూ తీసుకొస్తారు. తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. కానీ ఆ రాత్రి నుంచి పాప దగ్గినా, తుమ్మినా నాకు విమానమే కళ్ళముందు కనపడేది.

ఆ రోజుల్లోనే మా పై అంతస్తులో ఒకమ్మాయి దిగింది. మా గుమ్మం కంటే ఎత్తు. అర్కాన్సా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబం నుంచి వచ్చింది. కొత్తగా పెట్టిన ఆ ఆడవాళ్ళ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడేది. ఒకరోజు మెట్ల మీద గుక్కపట్టి ఏడుస్తున్న పాపని నా చేతుల్లోంచి అడక్కుండానే తీసుకుంది. అంత ఎత్తు మీదికి ఎక్కేసరికి పాప ఏడుపు ఆపి లోకమంతా చూసింది.

ప్రాక్టీసు పొద్దునే అయిపోతుంది, మధ్యాహ్నాలు ఖాళీయే, మ్యాచ్ లేని రోజుల్లో చూసుకుంటానని తనే అంది. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ పెంచిన చెయ్యి అని చూడగానే తెలిసింది.

ఆ సాయంత్రం నేను, ఆయన చాలాసేపు మాట్లాడుకున్నాం.

"పంపేద్దామా, ఈ అమ్మాయిని నమ్ముకుందామా? జట్టు కొత్తది కదండీ, ఉంటుందంటారా?"

"ప్రొఫెషనల్ అంటే ఉద్యోగమేగా. మా బావని చూడు. రైల్వే వాలీబాల్ టీమ్‌లో తీసుకున్నారు. మోకాలు పోయి ఆట మానేశాడు. అయినా సికింద్రాబాద్‌లో ఫైళ్ళు చూసుకుంటూ హాయిగా ఉన్నాడు. ఒకసారి తీసుకున్నాక ఎవరు తీసేస్తారు?"

మా ఇద్దరికీ అది సరైన లెక్కలాగే తోచింది. మాకు తెలిసిన ఆటగాళ్ళంటే రైల్వే, బ్యాంకు, పోలీసు ఉద్యోగులే. జట్టు అనేది కొట్టులాగా ఒకరోజు తలుపులు మూసేస్తుందని మా ఊహకే రాలేదు. అక్కకి ఫోన్ చేసి పాపని పంపడం లేదని చెప్పాను.

"ఎగిరే పిల్ల చేతిలో పెడతావా? సరేలేమ్మా, నీ ఇష్టం," అంది.

మొదటి సీజన్ మాకు పండగలా గడిచింది. తను మాకు ఉచిత పాసులు ఇచ్చేది. శనివారాలు పాపని ఎత్తుకుని మ్యాచ్‌లు జరిగే ఆడిటోరియానికి వెళ్ళేవాళ్ళం. జట్టు యజమాని ఆడే అమ్మాయిలందరినీ లిప్‌స్టిక్ వేసుకోవడం, సుతారంగా నడవడం నేర్పే క్లాసుకి పంపాడట. "ఇన్నేళ్ళు నడిచింది నడక కాదని నాకిప్పుడే తెలిసింది," అంటూ మా వంటింట్లో ఆ నడక నడిచి చూపించి, ద్వారబంధానికి తల కొట్టుకుంది. కోర్టులో మాత్రం వేరే మనిషి. మోచేతులు గీరుకుపోయి నెత్తురొస్తున్నా లేచి పరిగెత్తేది.

రెండో సీజన్ మొదలయ్యాక ఒకరోజు బేస్‌మెంట్‌లో బట్టలు ఉతకబోతే రెండు మెషీన్ల నిండా జట్టు జెర్సీలు తిరుగుతున్నాయి. అదివరకు వాటిని లాండ్రీకి వేసేవాళ్ళు. పొదుపు చేస్తున్నారు కాబోలు, మంచిదేగా అనుకున్నాను. వేరే ఊళ్ళ మ్యాచ్‌లకి విమానాల్లో వెళ్ళేవాళ్ళు బస్సుల్లో వెళ్ళడం మొదలుపెట్టారు. ఆడిటోరియంలో సగం దీపాలు ఆర్పేశారు. జీతాలు ఆలస్యమవుతున్నాయని తను ఒకసారి పైపైన అంది. "అంతా సర్దుకుంటుందట, ఆఫీసులో చెప్పారు." అప్పుడు నా మనసు అక్కడ లేదు. ట్రాక్టర్ల కంపెనీలో లేఆఫ్‌లు మొదలై మా ఆయన పేరు కూడా అందులో వచ్చింది. ఆయన ఉద్యోగం వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతున్నారు. ఇంట్లో మిగిలింది నా ఉద్యోగం, దానితో వచ్చే ఇన్సూరెన్సు. దాన్ని వదులుకునే ధైర్యం నాకు లేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం తను రోజూలాగే కిందికి దిగి పాపని తీసుకుంది. నేను కోటు వేసుకున్నాక చెప్పింది.

"పొద్దున్న లాకర్ రూంలో చెప్పేశారు. జట్టు లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. నువ్వు డ్యూటీకి వెళ్ళు, లేటవుతుంది. ఈ వారమంతా ఉంటాను. తర్వాత మా ఊరు వెళ్ళాలి, అద్దె కట్టలేను."

ఆ ఏడు కూడా ఇండియా వెళ్ళాల్సిన అక్క, క్రిస్మస్ ప్రయాణం వాయిదా పడి ఇంకా ఇక్కడే ఉంది. పాపని తీసుకెళ్ళమని ఫోన్ చేస్తే, "నేను ముందే చెప్పలా? ఇప్పటికైనా తెలివొచ్చింది," అంది. వెంటనే గొంతు తగ్గించి, "ఏడవకమ్మా, నా ఒళ్ళోనే ఉంటుందిలే," అంది.

ఆ వారం చివరే అక్క ప్రయాణం. ఆ రోజు మా ఆయన ఇంకో రాష్ట్రంలో ఇంటర్వ్యూలో ఉన్నారు. నాకు హైవే మీద డ్రైవ్ చేయడం రాదు. పై అంతస్తు అమ్మాయే తన పాత కారులో మమ్మల్ని ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళింది. గేటు దగ్గర పాపని అక్క చేతికిస్తూ తనే అప్పగింతలు చెప్పింది. కూర్చుని జోకొడితే నిద్రపోదు, ఎడమ భుజం మీద వేసుకుని నడవాలి. అరటిపండు తనే ఒలుచుకోవాలి, ఇంకొకరు ఒలిస్తే ముట్టదు. చెవి పట్టుకుంటే నొప్పి అనుకోవద్దు, నిద్రొస్తోందన్నమాట.

చివరిది నాకు తెలియదు. చెవి పట్టుకున్నప్పుడల్లా నేను మందు పోస్తూ వచ్చాను.

"ఎవరమ్మా ఈవిడ, కన్నతల్లిలా అప్పజెప్తోంది?" అంది అక్క తెలుగులో.

"మా పైన ఉంటుంది," అన్నాను.

వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ పాపని చూడ్డానికి నాకు రెండేళ్ళు పట్టింది.

తిరిగి వస్తూ తను అడిగింది. "ఎప్పుడొస్తుంది?"

"అంతా సర్దుకున్నాక."

తను రోడ్డు వైపే చూస్తూ, "మాకూ అదే చెప్పారు," అంది.

దారిలో ఆడిటోరియం దగ్గర ఆగాం. లాకర్‌లో తన బూట్లు ఉండిపోయాయి. తలుపుకి గొలుసు వేసి ఉంది. వాచ్‌మన్ కిటికీలోంచే చెయ్యి ఊపాడు. జట్టు బాకీలు తీరేదాకా లోపలి వస్తువులేవీ బయటికి వెళ్ళవని ఆర్డరట. తను సరే అని వెనక్కి తిరిగింది. నేను తిరగలేదు.

"అవి జట్టువి కావు, ఆవిడవి! ఆవిడవి ఆవిడకి ఇవ్వడానికి మీకేం అడ్డం? ఎవరినడిగి ఉంచుకున్నారు?" అని అరిచాను. అమెరికా వచ్చాక అంత గట్టిగా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ముక్కు కారుతోంది, ఇంగ్లీషు చెదిరిపోతోంది, చేతులతో అద్దం మీద కొడుతున్నాను. అతను బెదిరాడో, జాలిపడ్డాడో తెలియదు, గొలుసు తీశాడు.

తను బూట్లు, ఒక తువ్వాలు పట్టుకుని బయటికొచ్చింది. "నువ్వు మా కోచ్‌గా ఉండాల్సింది," అంది. నాకు నవ్వు రాలేదు.

నన్ను ఆసుపత్రి ముందు దింపి వెళ్ళిపోయింది. బ్యాడ్జి పెట్టుకుని లోపలికి వెళ్ళాను. పాపకి జ్వరం అని ఆ రోజు ఎవరూ ఫోన్ చేయరని నాకు తెలుసు. అయినా ల్యాబ్‌లో ఫోన్ మోగిన ప్రతిసారీ నేనే ముందు లేచాను.