ఎవరి వంతుకూ రాని నెల

మొన్న మధ్యాహ్నం భోజనమయ్యాక ఏమీ తోచక టీవీ పెడితే, పెద్దగా డబ్బు పెట్టకుండా, తెలిసిన ముఖం ఒక్కటీ లేకుండా తీసిన ఒక తమిళ సినిమా తెలుగు మాటలతో వస్తోంది. అందులో ఒక ముసలామె కోడలి ముఖం ఒకసారి, కొడుకు ముఖం ఒకసారి చూసి గానీ మారు అన్నం పెట్టించుకోదు. కథంటూ పెద్దగా ఏమీ లేదు. అయినా సగంలో కట్టేసి వరండాలోకి వచ్చి కూర్చున్నాను, ఎందుకంటే ఆ చూపు నాకు తెలుసు. అది మా అమ్మది, మేం అవ్వ అని పిలిచే అమ్మది.

బాపు, అంటే మా నాన్న, పోయి దినవారాలు అయిన మర్నాడే పెద్దమనుషులు కూర్చుని అవ్వను మా ముగ్గురు అన్నదమ్ములకు వంతులు వేశారు. మన వయసువాళ్ళలో ఈ వంతులు ఎరగనివాళ్ళు తక్కువే. ఉగాది నుంచి ఆషాఢం దాకా జనగామలో అన్న దగ్గర, శ్రావణం నుంచి కార్తీకం దాకా మహబూబాబాద్‌లో నా దగ్గర, మిగతా నాలుగు నెలలు భూపాలపల్లిలో బొగ్గు గని పని చేసే తమ్ముడి దగ్గర. బడిపంతుల్ని కాబట్టి గుండ్రటి అక్షరాలతో ఆ కాగితం రాసింది నేనే.

రెండేళ్ళు బాగానే గడిచాయి. మూడో ఏడు శ్రావణానికి ముందు అధిక శ్రావణం వచ్చిపడి ఏడాదికి పదమూడు నెలలయ్యాయి. ఆషాఢ అమావాస్యతో తన నాలుగు నెలలూ అయిపోయాయని అన్న, నా వంతు నిజ శ్రావణంతోనే మొదలని నేను. నిజానికి మా ఇంట్లో ఇబ్బందేమీ లేదు, నా భార్య కూడా రానివ్వమనే అంది. పంచాంగం తెలిసినవాణ్ణన్న పొగరు, అన్న ముందు ఒక్కసారైనా తగ్గకూడదన్న పంతం, అంతే. ఈ మాటలన్నీ ఫోనులో, అన్న పక్కన అవ్వ కూర్చుని ఉండగానే నడిచాయి.

మర్నాడు అవ్వే ఫోను చేయించి, "నాకు కురవి వీరభద్రుని మొక్కున్నది కొడుకా, గీ నెల గాడనే ఉంట, మీరు పరేషాన్ గాకుండ్రి" అంది. కొట్లాట తెగిందని ఇద్దరం సంతోషించాం. మా ఊరి స్టేషన్లో రైలు దిగిన అవ్వను, ఇంటికి తీసుకుపోతే ఆ నెల నా లెక్కలో పడుతుందేమోనని, అటు నుంచి అటే ఆ పక్కనే ఉన్న కురవికి బస్సు ఎక్కించాను. ఇది రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

నిజ శ్రావణ పాడ్యమి పొద్దున పోయేసరికి, అవ్వ గుడి ముందు మూట ఒళ్ళో పెట్టుకుని తయారుగా కూర్చుని ఉంది. అక్కడ కొబ్బరికాయలమ్మే ఆమె నన్ను పక్కకు పిలిచి, "మొక్కు లేదు, ఏం లేదు బిడ్డా. గీ నెల ఎవల వంతుల రాలేదట, అందుకే దేవుని కాడ ఉన్న అన్నది" అని చెప్పింది.

అవ్వ మూట చంకన పెట్టుకుని నా వెంట బస్సెక్కింది. తర్వాత బతికిన రెండేళ్ళూ ఏ ఇంట్లోనూ వంతు దాటి ఒక్క పూట ఉండలేదు. ఇంకో వారం ఉండమని నేను బతిమాలితే, "కాగితం నువ్వే రాస్తివి గదా కొడుకా" అని నవ్వి మూట కట్టుకునేది.

ఇప్పుడా వంతుల కాగితాలు రాసేవాళ్ళు తగ్గారు, ఇంటికి ఒక్కడే కొడుకాయె. నాకూ ఒక్కడే, బాగానే చూసుకుంటాడు. అయినా మారు అన్నం వడ్డించబోతే నా కళ్ళు ముందు కొడుకు, కోడలి ముఖాల మీదికే పోతాయి. సినిమా కట్టేసిన ఆ సాయంత్రం గోడమీది క్యాలెండరు తిప్పితే ఈ ఏడూ అధికమాసం కనబడింది. పెన్ను తెచ్చి ఆ నెల మీద నా వంతు అని రాసుకున్నాను. పంపడానికి జనగామలో అన్న లేడు, రావడానికి అవ్వ లేదు.