వెనక సీటులో గుణశేఖర్

తిరుపతిలో ట్యాక్సీ నడిపే గుణశేఖర్‌కు శుభ్రం పిచ్చి. కొండ మీద గుండు కొట్టించుకుని గంధం పూసుకున్నవాళ్ళు వెనక సీటులో తల ఆనించి కునుకు తీస్తారు కదా, ఆ మరకలు కనబడితే అతనికి అన్నం సయించదు. మిగతా డ్రైవర్లు తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటారు. ఇతను మాత్రం సీటునే ఊడదీసి, తొడుగులు ఉతికి ఆరేసి, మళ్ళీ బిగిస్తాడు. కారు మీద పెట్టిన శ్రద్ధలో సగం పెళ్ళాం మీద పెట్టుంటే ఇంట్లో కాఫీ అయినా వేళకు దొరికేది.

అలాంటి కారులో వరదమ్మకు చప్పుడు వినబడింది. అతని వీధి మొదట్లో ఇడ్లీల అంగడి ఆమెదే. తెల్లవారకముందే బండి తీసే గుణశేఖర్ ఏళ్ళుగా ఆమె చేతి ఇడ్లీలతోనే పొద్దు మొదలుపెట్టేవాడు. వానలో జారి ఆమె కాలు విరిగితే, ఎముకలు అతికించే పుత్తూరు కట్టుకు ప్రతిసారీ తీసుకుపోయిందీ అతనే. ఆమె తలుపుకు వీపు ఆనించి, సీటు మీద కాలు చాపుకుని కూర్చునేది. గుంత వచ్చినప్పుడల్లా కాలి దగ్గర టక్కుమనేది.

కట్టు కట్టే పెద్దాయన చివరిసారి కట్టు విప్పి, ఒత్తి చూసి, ఎముక అతుక్కుంది, ఇక నడవమన్నాడు.

"యాడ అతుక్కునిండాది సామీ? దావంతా టక్కుటక్కుమంటా ఉంటే!" అంది వరదమ్మ.

ఇంటికొచ్చి మంచం ఎక్కింది. కాలు మోపితే మళ్ళీ విరుగుతుందని భయం. నడవకుండా పడుకుంటే కాలు బిగుసుకుపోయి ఇక లేవడం కష్టమని పెద్దాయన పుత్తూరులోనే గుణశేఖర్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. మూసిన అంగడి ముందు నుంచి పోతున్నప్పుడల్లా అతనికి ఆ మాటే గుర్తొచ్చేది.

చప్పుడు కారుదేనేమోనని మెకానిక్ ధనంజయ దగ్గరికి వెళ్ళాడు. ధనంజయ ఊరి చివరిదాకా తోలి చూశాడు. ఏమీ వినబడలేదు. అయినా చక్రాల దగ్గర రబ్బర్లు మార్చి, దొరికిన చోటల్లా నూనె కొట్టాడు.

"నీ బండి బాగానే ఉండాదబ్బా. సప్పుడు ఆయమ్మ మనసులో ఉండాది."

గుణశేఖర్‌కు ఒళ్ళు మండింది. "ముందు కూర్చోని తోల్తే ఏం తెలుస్తాది? నువ్వు తోలు. నేను ఆయమ్మ మాదిరి కూర్చుంటా."

అలా గుణశేఖర్ తన కారులో మొదటిసారి వెనక కూర్చున్నాడు. వీపు తలుపుకు ఆనించి, కాలు చాపాడు. మొదటి గుంతలోనే టక్కుమంది. చెవికంటే ముందు కాలికి తెలిసింది. మంచి కాలే అయినా గబుక్కున రెండు చేతులతో పట్టుకున్నాడు. పాపం, వరదమ్మ ఎంత భయపడి ఉంటుందో అప్పుడు అర్థమైంది.

సీటు లేపి చూశారు. సీటును పట్టి ఉంచే కొక్కేనికి ఉండాల్సిన రబ్బరు లేదు. మనిషి బరువు పడి బండి కుదిలితే ఇనుము ఇనుముకు కొట్టుకుంటోంది.

"ఉతికి ఉతికి నువ్వే ఊడబెరికినావు," అని నవ్వాడు ధనంజయ. గుణశేఖర్ నవ్వలేకపోయాడు.

కొత్త రబ్బరు వేయించి, మళ్ళీ వెనకే కూర్చుని అవే గుంతల్లో తిప్పించి, నేరుగా వరదమ్మ ఇంటికి పోయాడు.

"కాలు కింద పెట్టొద్దులే అత్తా. ఒక్క తూరి బండిలో కూర్చో," అని బతిమాలి, ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు.

పుత్తూరు దారిలో వడమాలపేట దగ్గర స్పీడుబ్రేకర్ రాగానే వరదమ్మ కళ్ళు మూసుకుని కాలు పట్టుకుంది. బండి ఎక్కి దిగింది. చప్పుడు లేదు.

"ఇంకో తూరి ఎక్కించు."

తిప్పి ఎక్కించాడు. లేదు.

"అయితే నా ఎముక కాదా గుణా?"

"కాదత్తా. నా సీటు. గంధం మరకలని ఊడదీసి ఊడదీసి నేనే సెడగొట్టినాను."

"నీ శుబ్రం తగలెయ్య! నన్ను మంచాన పడేస్తివి కదరా!" అని తిడుతూనే కళ్ళు తుడుచుకుంది. "తలుపు తియ్."

అతని భుజం పట్టుకుని కాలు నేల మీద మోపింది. కొంచెం ఆగి రెండో కాలూ దించి నిలబడింది.

"ఇంగ ఇంటికి పోనీ," అంది వరదమ్మ. "పొద్దుగూకకముందే మినపప్పు నానబోయాల."