తలగుడ్డలోంచి మాట్లాడే ఫోను

మొన్న చిలకలూరిపేటలో పాత రేడియో బాగు చేయించుకుందామని ఒక కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన టంకం పెడుతుంటే సన్నటి తెల్ల పొగ లేచింది. గుగ్గిలం కాలిన వాసన. అది ముక్కుకు తగలగానే గుంటూరులో మా మేడమీది గదిలో, కరుణ టీచరుగారి బల్ల ముందు నిలబడినట్టయింది. ఆవిడ పోయి రెండు మిరప పంటలు దాటాయి. ఆ వాసన తగిలితే మాత్రం నాకు ఇప్పటికీ దిగులు రాదు, హుషారు వస్తుంది.

ఆవిడ పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరై మా ఇంట అద్దెకు దిగారు. ఆదివారం చర్చి, మిగతా వారమంతా ఆ బల్ల. నేను ఐదో తరగతితో బడి మానేసి, మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో మేస్త్రీనైనదాన్ని. వృథా అంటే నాకు ఒళ్ళు మంట. పగలు కూడా ఆవిడ గదిలో లైటు వెలుగుతోందని నాలుగు మాటలు దులిపేద్దామని ఒకరోజు పైకి వెళ్ళాను. బల్ల నిండా గోరంత గోరంత ముక్కలు పరిచి ఉన్నాయి. ఇవన్నీ కలిస్తే ఫోను అవుతుందన్నారు. ఆవిడా, పాత విద్యార్థులు కొందరూ కలిసి చేస్తున్నారట. లోపలి నక్షాలు, రాసిన ప్రోగ్రాములు అన్నీ అందరి ముందూ పెడతారట. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. తాళం లేని ఇల్లు కడుతున్నారా అన్నాను. "తాళం ఉంటుంది పిన్నిగారూ. తాళంచెవి కొన్నవాళ్ళ దగ్గర ఉంటుంది, అంతే" అని నవ్వారు.

లైటు సంగతి మరిచిపోయి కూర్చున్నాను. ఆ రోజు నుంచి షెడ్డు నుంచి రాగానే నా కాళ్ళు మెట్ల వైపే నడిచేవి. ఒక్కో ముక్కకూ రెండు మూడు రకాలు తెప్పించి నా ముందు పెట్టేవారు. జిగురుతో అతికేసే బ్యాటరీయా, గోటితో లేపి తీసేదా? నీడలో మెరిసే తెరా, ఎండలో కనబడే తెరా? కూరగాయలు ఏరినట్టు ఏరేవాళ్ళం. ఏది పెడితే ఏది పట్టదో, దేనికి ఎంత బ్యాటరీ కరుగుతుందో ఆవిడ చెబుతుంటే, ఇన్నాళ్ళూ చేతిలో పట్టుకు తిరిగిన వస్తువు లోపల ఇంత సంసారం ఉందా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

చివరికి నమూనా ఫోను ఒకటి తయారైంది. వారం రోజులు నన్ను షెడ్డులో వాడమన్నారు. అది బాగుందంటే ముక్కలన్నిటికీ ఆర్డరు పెట్టేస్తారు. ఒకసారి ఆ ముక్కలు అతికించే బోర్డు అచ్చయ్యాక మార్చడానికి లేదు, మళ్ళీ చేయించే స్తోమతు వాళ్ళకు లేదు. అందుకే ఇచ్చేటప్పుడు ఆవిడ, ఏ చిన్న లోటున్నా దాచకుండా చెప్పమని రెండుసార్లు అన్నారు.

మా షెడ్డులో రెండు చేతులూ కాయల్లోనే ఉంటాయి. కారం చేత్తో ఫోను ముట్టుకుంటే ఆ కారం చెంపకూ కంటికీ చేరుతుంది. అందుకని ఆడవాళ్ళం ఫోనును తలగుడ్డలో చెవి దగ్గర దోపి, బిగించి కట్టుకుని మాట్లాడతాం. ఆ ఫోనూ అలాగే దోపాను. అవతల మా అమ్మాయికి గుడ్డ రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదట. వారమంతా అదే వరస. నాకు చిర్రెత్తి, మీ ఫోనుకు చెవులున్నాయి గాని నోరు లేదని ఆవిడ బల్ల మీద పెట్టేశాను. విద్యార్థులు వీడియో కాల్‌లో ఇది విని, పెద్దావిడను చేత్తో పట్టుకుని మాట్లాడమనండి మేడం అన్నారు.

మర్నాడు పొద్దున్నే టీచరుగారు మా షెడ్డుకు వచ్చారు. వద్దన్నా వినలేదు. తలకు గుడ్డ చుట్టించుకుని, ఫోను దోపుకుని, తుమ్ముతూ దగ్గుతూ మా వరసలో గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు తీశారు. మావాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. కాసేపటికి చెవి దగ్గర ఫోను మోగింది. నేనే గుడ్డ మీంచి దాని మీట నా మోచేత్తో నొక్కి ఎత్తాను. అవతల విద్యార్థి, మేడం వినబడటం లేదు, వినబడటం లేదు అంటూనే ఉన్నాడు. ఆవిడ ఒక్క ఉదుటున గుడ్డ విప్పి, గుడ్డ మడతల్లో మూసుకుపోయిన, ఫోను కింది అంచున ఉన్న సన్నటి రంధ్రం చూసి, కళ్ళనీళ్ళు కారుతున్న మొహంతోనే వెలిగిపోయారు. "పట్టుకోవడం తప్పు కాదురా. మనం మైకు పెట్టిన చోటు తప్పు."

పై అంచు గుడ్డ బయటే ఉంటుంది గనక అక్కడ ఇంకో మైకు పెట్టాలి. చోటు కావాలంటే ఏదో ఒకటి పోవాలి. ఏది తీసేద్దామని నన్నే అడిగారు. వేలిముద్ర చూసే ముక్క తీసేయమన్నాను. "రేషను డిపోలోనే మా వేళ్ళు పడవు. గీతలన్నీ కాయలే తినేశాయి" అన్నాను. ఆవిడ ఎర్రగా మండుతున్న తన వేళ్ళు ఒకసారి చూసుకుని తలూపారు.

రెండో నమూనా వచ్చిన రోజు ఆవిడ మేడమీద, నేను షెడ్డులో. ఫోను తలగుడ్డలో బిగించాను. వరసంతా చేతులాపి నా మొహమే చూస్తోంది. వినబడుతోందా అని మామూలు గొంతుతో అడిగాను. అటునుంచి ఆవిడ గొంతు వచ్చింది, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియకుండా. "వినబడుతోంది పిన్నిగారూ. మీ పక్కన ఎవరో తుమ్మారు, అది కూడా." ఆ మాట నేను చెప్పగానే షెడ్డంతా గొల్లున నవ్వింది. సాయంత్రానికల్లా ఆర్డరు వెళ్ళిపోయింది.

మేస్త్రీని గనక చేయి నెమ్మదైన వాళ్ళను నిలబెట్టి దులిపేయడం నా అలవాటు. నా గొంతు ఇప్పటికీ అంతే పెద్దది. కాని ఈ ఏడు కొత్తగా చేరిన ఒకామె అందరికన్నా వెనకబడుతుంటే, నోటిదాకా వచ్చిన తిట్టు ఆపుకుని, పట్టా లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ఆమెది ఎడమచేతి వాటం. బుట్ట కుడివైపు ఉంది. లేచి, బుట్టను ఆమె ఎడమవైపుకు జరిపాను.