కానుకగా పోసిన కూలెంట్

దేవుని పేరు మీద తెచ్చినదాన్ని మా సంఘంలో ఎవరూ కాదనరు. పాకాల దగ్గరి పల్లెలో మా ప్రార్థన మందిరం ఉంది. ఆరాధన ముగిశాక విశ్వాసులు కానుకలు ముందుకు తెస్తారు. బియ్యం, గుమ్మడికాయ, కోడిపుంజు, ఒక్కోసారి చీపురుకట్ట. ఏది తెచ్చినా పాస్టరు అయ్యగారు చేతుల్లోకి తీసుకుని ప్రార్థిస్తారు. మా నాయన ఇక్కడే వాక్యం చెప్పేవాడు. కానుకను వద్దన్న మాట నేను ఆ మందిరంలో ఎన్నడూ వినలేదు.

సంఘానికి ఒక పాత డీజిల్ వ్యాను ఉంది. దాన్ని నేనే నడుపుతాను. ఆదివారం ముసలివాళ్లను ఎక్కించుకు రావడం దాని పని. మిగతా రోజుల్లో అది ఎక్కువగా తిరిగేది ఒకే మనిషి కోసం. మేమందరం పెద్దమ్మ అని పిలిచే ఆమెకు మూత్రపిండాలు పాడైపోయాయి. రోజు విడిచి రోజు తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు.

ఎండలు ముదురుతున్నాయని, బండి ఇంజను వేడెక్కకుండా పోసే కూలెంట్ కావాలని అయ్యగారు ఒక ఆదివారం చెప్పారు. తర్వాతి వారం బల్ల మీద సీసాలు వరసగా నిలబడ్డాయి. పచ్చవి, ఎర్రవి, నీలివి. ఒకరు కొత్త డబ్బా తెస్తే, ఇంకొకరు లారీ నడిపే బామ్మర్ది దగ్గర మిగిలిన సగం సీసా తెచ్చారు. అందరం బానెట్ మీద చేతులుంచి ప్రార్థించాం. తర్వాత ఎవరి కానుకా వెనకబడకూడదని, ఒక్కొక్కరి చేత వారి సీసాలోంచి కొంచెం కొంచెం రేడియేటర్‌లో పోయించాం. పెద్దమ్మ కూడా పోసింది. ఆ వేసవంతా నీళ్లు తగ్గినప్పుడల్లా మిగిలిన సీసాల్లోంచి ఏది చేతికందితే అది పోశాను.

ఒకరోజు పెద్దమ్మను తీసుకుని తిరుపతికి పోతున్నాం. చంద్రగిరి దగ్గర పడుతుండగా వేడి చూపించే ముల్లు పైకి లేచింది. చూస్తుండగానే ఎర్రగీత తాకింది. బండి పక్కకు ఆపాను. బానెట్ కింద నుంచి ఆవిరి.

పెద్దమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. అప్పటికే ఆమె ముఖం ఉబ్బి ఉంది. "ఏమప్పా, దీనికీ నా రోగమే వచ్చిందా?" అంది.

నాకు నవ్వు రాలేదు. ఎదురైన ఆటోను బతిమాలి ఆమెను, తోడొచ్చిన కోడలిని ఎక్కించి పంపాను. ఆలస్యంగానైనా ఆసుపత్రికి చేరి మిషన్ మీద పడుకుందని కోడలు ఫోన్ చేసేదాకా రోడ్డు పక్కన నిలబడి ప్రార్థిస్తూనే ఉన్నాను.

బండిని చంద్రగిరిలో ఒక షెడ్డుకు లాగించాం. ఇంజను చల్లారాక మెకానిక్ రేడియేటర్ కింది గొట్టం ఊడదీశాడు. ఒక్క చుక్క రాలేదు. వేలు పెట్టి కెలికాడు. ఉడికీ ఉడకని రాగిసంగటి లాంటిది మెల్లగా జారి తొట్టిలో పడింది.

ఇంజన్ ఆయిల్ కలిసిందేమోనని అతడు వేళ్ల మధ్య రుద్ది చూశాడు, వాసన చూశాడు. ఆయిల్ కాదు.

"యా కూలెంట్ పోసినావన్నా?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

జరిగింది చెప్పాను. అతడు పానా పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. "కూలెంట్ పోసినారా, రంగులు సల్లుకున్యారా అబ్బా మీరు," అన్నాడు. "రసాయనాలు ఒగదానికొగటి పడక పేరుకున్యాయి. నీళ్లు తిరిగే దావే మూసుకపోయింది."

నేనూ తొట్టిలో వేళ్లు ముంచి చూశాను. అంటుకున్న ఆ మడ్డిలో పెద్దమ్మ పోసింది ఉంది, నేను పోసింది ఉంది. ఉన్నినీ నారనూ కలిపి నేసిన బట్ట కట్టుకోవద్దన్న బైబిలు ఆజ్ఞను ఆదివారం బడిలో ఏళ్ల తరబడి చెప్పాను. రెండూ మంచివే కదా, కలిపితే ఏమని పిల్లలు అడిగితే ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ని. ప్రేమతో తెచ్చినవన్నీ కలిసి ఒక మనిషి ప్రాణం మీదికి తేగలవని నాకు ఎన్నడూ తోచలేదు.

కడగడానికి పొద్దంతా పట్టింది. మడ్డి కరిగించే మందు వేసి ఇంజను తిప్పడం, వదలడం, మళ్లీ నీళ్లు నింపడం. తేటగా వచ్చేదాకా అదే పని. మా వైపు బోరు నీళ్లు బిందెకు తెల్లగా ఉప్పు కట్టిస్తాయి. అందుకని చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం.

"బండిలో మొదట ఉన్నింది పచ్చదే అంటివి కదా, పచ్చదే పోసేద్దాం. మేమందరం రంగు సూసే పోస్తాం," అన్నాడు మెకానిక్.

బండితో వచ్చిన పుస్తకం తీశాను. వాక్యాన్ని ఒక్క మాట విడవకుండా చదవడం మా సంఘంలో నేర్పిన అలవాటు. పుస్తకంలో రంగు మాటే లేదు, కూలెంట్ రకం పేరు మాత్రం ఉంది. షెడ్డులోని రెండు పచ్చ సీసాలు తిప్పి వెనక చదివాం. రెండూ వేర్వేరు రకాలు. ఒకటి నీళ్లు కలపమంటుంది, ఇంకొకటి వద్దంటుంది. పుస్తకం చెప్పిన రకం అతడి దగ్గర లేదు. తిరుపతి నుంచి తెప్పించి పోశాం.

ఆదివారం పెద్దమ్మ సాక్ష్యం చెప్పింది. దారిలో ఆగినా దేవుడు తనను చేర్చాడంది. చెప్పి, కృతజ్ఞతగా చీరకొంగు చాటు నుంచి ఎర్రటి కూలెంట్ సీసా తీసింది. అయ్యగారు చేతులు చాచారు. నా చెయ్యి అడ్డం పడింది.

"ఇది వద్దు పెద్దమ్మా."

అయ్యగారు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"నేను తెస్తే వద్దంటావా?" అంది పెద్దమ్మ.

"ఆ బండెక్కేది నువ్వు. అందుకే వద్దంటాండా." సంగటిలా బయటపడిన మడ్డి గురించి అందరికీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "నన్ను కడిగే మిషన్‌లో గూడా కొళాయి నీళ్లు పట్టి పొయ్యరులే," అంది. అయ్యగారి వైపు తిరిగింది. "ప్రార్థనన్నా చేస్తారా దీనికి, అదీ కలవదా?"

అయ్యగారు సీసా మీద చెయ్యి వేసి ప్రార్థించి, తిరిగి ఆమె చేతికే ఇచ్చారు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని వెళ్లి తన చోట కూర్చుంది. మరునాడు వ్యానులో నా పక్క సీట్లో కూర్చుని, తిరుపతి చేరేదాకా ఆమె వేడి చూపించే ముల్లు మీది నుంచి చూపు తిప్పలేదు.