చప్పటి బిస్కెట్లు

మా ఇంట్లో కారం తగలని వస్తువు ఉండదు. మా ఆయన మిరప రైతు. పర్చూరుకు దగ్గర్లో కౌలు చేస్తారు. ఎండలు ముదిరే వేళకి ఇంటి వెనక కళ్లంలో కాయలు ఎర్రగా పరుచుకుంటాయి. గాలి ఇటు తిరిగితే మంచినీళ్ళ బిందెలో కూడా ఘాటే. చుట్టాలు వచ్చి గుమ్మంలోనే తుమ్ముతుంటే మేం పగలబడి నవ్వుతాం. మాకు తుమ్ము రాదు. అదో గొప్ప అనుకునేదాన్ని.

మా కుక్క ఆ కళ్లంలోకే వచ్చింది. ఎవరో రోడ్డు పక్కన వదిలేసిన కూన, కాయల గుట్ట పక్కన పరిచిన గోనెసంచి మీద పడుకుని ఉంది. పేరు పెట్టలేదు. మా ఆయన "అమ్మాయ్" అనేవారు, నేను "ఏమే" అనేదాన్ని. ఆయన నన్నూ ఏమే అనే పిలుస్తారు కాబట్టి, ఆ మాట వినపడితే మేమిద్దరం తలతిప్పేవాళ్ళం. నేను పక్క ఊరి బడిలో టీచర్ని. సాయంత్రం బస్సు దిగేసరికి అది చింతచెట్టు కింద కూర్చుని ఉండేది. ఎవరు పంపారో, టైమెలా తెలిసేదో. ఇంటిదాకా నా సంచికి ముక్కు తగిలిస్తూ నడిచేది. సంచిలో పిల్లలు వదిలేసిన చపాతీ ముక్క ఉంటుందని దానికి తెలుసు. నా చేతిలోంచే తీసుకునేది, వేలికి పన్ను తగలకుండా. రోజంతా పిల్లల మీద అరిచి అరిచి వచ్చిన నాకు ఆ నడకలోనే కాస్త మనిషిననిపించేది.

అలాంటిది మొన్న మిరపకోతలప్పుడు వాంతులు చేసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు అందులో రక్తం కనబడింది. పశువుల డాక్టరు గారిని పిలిచాం. గేదెల్నీ గిత్తల్నీ చూసే మనిషే అయినా ఓపిగ్గా కూర్చుని పొట్టంతా తడిమి చూశారు.

"దీనికి ఏం పెడతారమ్మా?" అన్నారు.

"మేం తినేదేనండీ. అన్నంలో కూర కలిపి పెడతాం."

"వచ్చిన చిక్కంతా అదే. కడుపులో పుండ్లు పడ్డాయి. నోట్లో కూడా పూసింది చూడండి. ఇకమీదట కారం వాసన కూడా తగలకూడదు. మెత్తగా, చప్పగా ఏదన్నా కొంచెం కొంచెం తినిపించండి. మందు వేస్తున్నా. తింటే బతుకుద్ది. తినకపోతే మాత్రం ఊరికే యాతన పెట్టొద్దమ్మా, ఒక ఇంజెక్షన్ ఇచ్చేద్దాం."

చప్పటి అన్నం పెట్టాను, వాసన చూసి వదిలేసింది. పాలు పోస్తే రెండు గుక్కలు తాగి కక్కేసింది. పుట్టినప్పటినుంచీ పులుసూ పచ్చడీ తిన్న కుక్క. ఫోన్లో ఎవరో ఒకావిడ కుక్కలకి బిస్కెట్లు చేస్తుంటే చూశాను. ఆవిడ వెనక నిలువెత్తు ఓవెన్ ఉంది. మాకు అలాంటివేం లేవు గానీ, క్రిస్మస్‌కి కేకు చేసే పాత కుక్కరుంది. అడుగున ఇసుక పోసి, రబ్బరు తీసేసి, సన్న సెగ మీద పెడితే ఏదైనా కాలుతుంది. జొన్నపిండి, ఉడికించిన గుమ్మడికాయ, ఒక చెంచా నూనె. అంతే.

జొన్నలు తీసుకుని మరకి వెళ్ళాను. పచ్చళ్ళ కాలం, ఊరంతా కారం ఆడించుకుంటోంది.

"పిండి మిషను బెల్టు తెగిందండీ టీచరు గారూ," అన్నాడు మరాయన. "కారం మిషన్లో ఆడిస్తా. ముందు రెండు దోసిళ్ళు నూకలు పోసి తిప్పేస్తాలెండి, ఏమీ ఉండదు."

ఇక్కడ అందరం చేసేదే. నూకలు పోసి తిప్పితే మిషను శుభ్రమైనట్టే. ఇడ్లీరవ్వ కూడా అలా ఆడించుకుని తిన్నవాళ్ళం. సరేనన్నాను. గుమ్మడికాయ కలిపాక ముద్ద ఎర్రగానే ఉంటుంది కదా, అందులో ఇంకో ఎరుపు ఉందని ఎవరికి తెలుస్తుంది!

మొదటి వాయి దిగగానే మా ఆయన ఒకటి నోట్లో వేసుకున్నారు. "ఏందే ఇది, గడ్డి తిన్నట్టుంది," అన్నారు. పక్కింటి పిన్ని గోడమీంచి తొంగి చూసింది. "మనుషులకే దిక్కులేదు, కుక్కకి కేకులంట!" అంటూనే చెయ్యి చాపి ఒకటి తీసుకుంది. "చప్పగా చచ్చింది. గోంగూర పచ్చడుంటే కాస్త వెయ్యి, దాంట్లో అద్దుకుంటా." నేనూ కొరికాను. ఉప్పు లేదు, కారం లేదు. డాక్టరు గారు చెప్పినట్టే ఉంది.

కుక్క నా చేతిలోంచి ఒకటి తీసుకుని తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోది కూడా తింది. తర్వాత లేచి నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి తాగింది, తాగింది, తాగింది. కాసేపటికి అంతా కక్కేసింది. మరునాడు నోట్లోకి తీసుకుని కింద పడేసింది. ఆ తర్వాత వాసన చూసి తల తిప్పుకోవడమే. రోగం ముదిరిందనుకున్నాం. ఇంకాస్త మెత్తగా చేశాను. గుమ్మడికాయ ఎక్కువ వేశాను. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నావిడ, "మీ కుక్క కోసం ప్రార్థన పెట్టమందామా?" అని వేళాకోళం ఆడింది. నేను అప్పటికే పెట్టుకున్నానని చెప్పలేదు.

అది చిక్కి డొక్కలు తేలింది. ఒక సాయంత్రం మా ఆయన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా దాని పక్కన కూర్చున్నారు.

"ఇట్టా చూస్తా ఉండలేనే. డాక్టరు గారికి ఫోన్ చేశా. ఎల్లుండి పొద్దున్నే వస్తానన్నారు."

"చంపడానికా?"

"బాధ తీర్చడానికి."

"మిరపచేనుకి తెగులొస్తే పీకేస్తారా, మందు కొడతారా?" అని అరిచాను. నాకు కోపమొస్తే మంచీ చెడూ తెలియదు. ఆ కోపంలో బిస్కెట్టు చిదిపి, కుక్క దవడలు పట్టుకుని తెరిచి, నాలుక మీద పెట్టి నోరు మూశాను. "తింటావా చస్తావా?" అన్నాను. అది కరవలేదు. కరవగలదు, కానీ కరవలేదు. నా చేతిలో తల వదిలేసి కుయ్యిమంది, అంతే. అలా ఆ పూట మూడుసార్లు పెట్టాను. బతికించుకోవాలనే పెట్టాను.

ఆ వారమే నాకు జ్వరం తగిలి, వాడిన బిళ్ళలకి నోరంతా పూసింది. పెరుగన్నంలో ఉప్పు కూడా మండుతోంది. అలా బలవంతాన తినిపించిన మరునాడు బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం ఆకలేసి వెతికితే, ఇంట్లో ఉప్పూ కారం లేనివి ఆ బిస్కెట్లే కనిపించాయి. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను.

నిప్పు. ముందు అర్థం కాలేదు. రెండోసారి నమిలేసరికి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. పరుగెత్తి వెళ్ళి నీళ్ళు పుక్కిలించాను. తొట్టి దగ్గర అది ఎలా తాగిందో, నేనూ అలాగే తాగాను.

మా ఆయన్ని కేకేసి ఒకటి చేతిలో పెట్టాను. ఆయన కొరికి, నమిలి, మింగారు. "ఎక్కడుందే కారం?"

ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసని ఊరికే అనలేదు. నా నోరు పూయకపోతే నేనూ ఆ కాకినే. ఇంత కారం తిని బతికే నోళ్ళతో రుచి చూసి, చప్పగా ఉందని తీర్పు చెప్పాం. పుండున్న నోటికి దాన్ని బలవంతంగా పెట్టింది మాత్రం నేను. గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చాను.

తర్వాత బిస్కెట్ల డబ్బా మొత్తం గోతిలో పోసి పిన్ని దగ్గరికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి పురిటికి వచ్చి ఉంది. ఉగ్గుపిండి విసరడానికి వాళ్ళింట్లో చిన్న తిరగలి ఉంది. దాంట్లో కారం పడనివ్వరు.

"పసిబిడ్డకి విసిరే తిరగలి, కుక్క కోసమా?" అంది పిన్ని. నేను నోరు తెరిచి చూపించాను, జరిగింది చెప్పాను. "నేను కూడా తిన్నా కదే," అంది ఆవిడ. తిరగలి తనే మోసుకొచ్చి, బియ్యం కడిగి ఆరబెట్టి, నాతోపాటు కూర్చుని విసిరింది. ఆ రోజు మా ఇంట్లో పోపు వెయ్యలేదు. చేతులు సబ్బుతో కడిగి, వేళ్ళు నా పూసిన నోట్లోనే పెట్టుకుని చూశాను. మండలేదు. అప్పుడే పిండి కలిపాను.

పొద్దున్నే డాక్టరు గారు బ్యాగుతో వచ్చారు. "ఒక్క పది నిమిషాలు ఆగండి సార్," అని బతిమాలి, కుక్క ముందు కూర్చుని బిస్కెట్టు చాపాను.

అది నన్ను చూసింది. నా చేతిని చూసింది. పళ్ళు బిగించి, లేవలేక లేవలేక వెనక్కి జరిగి, మొహం గోడకి పెట్టేసుకుంది. వీపు వణుకుతోంది.

"అమ్మా, ఇక..." అన్నారు డాక్టరు గారు.

మా ఆయన నా చేతిలోంచి పళ్ళెం తీసుకున్నారు. నేల మీద చతికిలబడి, అదే బిస్కెట్టు తుంచి, "అమ్మాయ్, ఇదిగో," అన్నారు. అది చెవి కదిపింది. చాలాసేపటికి తల తిప్పి, ఆయన వేళ్ళ మధ్యలోంచి ఆ ముక్క తీసుకుంది. నమిలింది. ఆగింది. మేం ముగ్గురం తొట్టివైపు చూస్తున్నాం. అది అటు వెళ్ళలేదు. ఇంకో ముక్క కోసం ఆయన చెయ్యి నాకింది.

డాక్టరు గారు బ్యాగు తెరవలేదు. మందు రాసిచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

అది బతికింది. ఒళ్ళు చేసింది, కళ్లంలో కాకుల్ని తరుముతోంది. బస్సు దిగేసరికి మళ్ళీ చింతచెట్టు కింద ఉంటుంది. తోక ఊపుతుంది, పక్కనే నడుస్తుంది. సంచికి మాత్రం ముక్కు ఆనించదు. నేను ఏదన్నా తీసి చెయ్యి చాపితే అక్కడే ఆగిపోయి, పళ్ళు బిగించి, రోడ్డు అవతలికి చూస్తుంది. నేను చెయ్యి దించాకే మళ్ళీ నడుస్తుంది.

"మర్చిపోద్దిలేవే, నోరులేని జీవి," అంటారు మా ఆయన.

వారానికోసారి పిన్ని వాళ్ళ తిరగలి తెచ్చి బియ్యం విసురుతాను, కుక్కరులో ఇసుక పోస్తాను. బిస్కెట్లు చేసేది నేనే. చల్లారాక పళ్ళెం ఆయనకిచ్చి, నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేస్తాను. అప్పుడు గానీ అది తినదు.